థాంక్స్ చెప్పకూడని మొక్క

జూన్ రెండో ఆదివారం కొండమీది శ్మశానంలో అందరి సమాధుల మీదా పూలున్నాయి, ఆర్విల్ స్టిడమ్ తల్లి సమాధి మీద తప్ప. అలా లేకపోవడం అది వరసగా నాలుగో ఏడు. ఇంకెవరి తల్లికైనా పూలు లేకపోతే పాపం అనుకుని ఊరుకునేవారు. ఆర్విల్‌కి హైవే పక్కన రెండెకరాల నర్సరీ ఉంది. ముప్ఫై ఏళ్లుగా చుట్టుపక్కల మూడు కౌంటీలకు మొక్కలమ్మి ఇల్లు కట్టినవాడు, ఇద్దరు పిల్లల్ని చదివించినవాడు. అలాంటివాడి తల్లికి పూలు లేకపోవడమంటే వంటవాడి ఇంట్లో పొయ్యి వెలగకపోవడమే.

పోనీ నర్సరీ నుంచి ఓ బుట్టెడు పూలు తెచ్చి పెడదామంటే కుదరదు. అమెరికాలో కెంటకీ రాష్ట్రపు ఆ కొండల వైపు, ఏటా సమాధులు అలంకరించే ఆ ఆదివారానికి కొన్న పూలు, అమ్మకానికి పెంచిన పూలు పెట్టరు. ఇంటి దొడ్లో పూసినవో, సమాధి దగ్గరే నాటినవో అయి ఉండాలి. కాదని పెడితే ఎవరూ ఏమీ అనరు. ఒక్క చూపు చూస్తారు, అంతే. ఆ చూపు ఏడాదంతా పనిచేస్తుంది.

ఆర్విల్ తల్లి పాదాల దగ్గర నాటింది నీలం పూల హైడ్రేంజియా. నర్సరీలో అన్నిటికంటే ఖరీదైన రకం. అది నిరుటి కొమ్మల మీదే మొగ్గ తొడుగుతుంది. ఆ కొండమీద ఏప్రిల్ చివర్లో కురిసే మంచుకి ఆ మొగ్గలు మాడిపోతాయి. ఈ సంగతి కొనేవాళ్లకి వందసార్లు చెప్పినవాడే తన తల్లి దగ్గరికొచ్చేసరికి మరిచిపోయాడు. ఖరీదైనది పెడితే గౌరవంగా ఉంటుందనుకున్నాడు. నాలుగేళ్లూ ఆకులు మాత్రం దట్టంగా వచ్చాయి.

శ్మశానంలో గడ్డి కోసి కంచె చూసుకునే హోబర్ట్ నేపియర్‌కి ఎనభై దాటాయి. నోటికి మాత్రం వయసు రాలేదు. ఆ మొక్క ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "ఏం ఆర్విల్, మీ అమ్మకి ఆకుకూర వేశావా? ఏపుగా వచ్చింది, కోతకొచ్చినట్టుంది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వు ఆపుకోవడానికి తలలు తిప్పుకున్నారు. ఆర్విల్ కూడా నవ్వాడు. బేరం పోయినప్పుడు నవ్వడం అతనికి అలవాటే.

తల్లి ఓర్లీనా అడిగింది అది కాదు. ఆమె మొక్క వేరు. ఆ కొండల్లో వాగుల ఒడ్డున నీడపట్టున అడవి హైడ్రేంజియా తనంత తాను పెరుగుతుంది. కాండం మీది బెరడు పొరలు పొరలుగా ఊడుతుంది కాబట్టి అక్కడివాళ్లు దాన్ని ఏడుపొరల మొక్క అంటారు. మామూలుగా దాని పూలు పలచగా, జల్లెడలా ఉంటాయి. పెళ్లైన కొత్తలో ఓర్లీనా వాగు ఒడ్డు నుంచి తెచ్చుకున్న మొక్క మాత్రం కంచం అంత తెల్లటి గుండ్రటి పూలు పూసేది. మొదట ఆకుపచ్చగా వచ్చి, తెల్లబడి, వేసవి ముదిరాక మళ్లీ పచ్చబడేవి. ఎంత వాన కొట్టినా కొమ్మలు నేలకి వాలేవి కావు. పోయేముందు ఆమె కొడుకుని అడిగింది ఆ ఒక్కటే. తన కాళ్ల దగ్గర అది నాటమని, ఇంకేమీ పెట్టొద్దని.

ఆమె పోయిన శీతాకాలంలోనే రోడ్డు వెడల్పు చేయడానికి ఆ మొక్క ఉన్న ఆమె పాత ఇల్లు ప్రభుత్వం తీసేసుకుంది. యంత్రాలు రాకముందే ఆర్విల్ వెళ్లి ఆ గుబురంతా తవ్వి తెచ్చాడు. వేళ్లు విడదీసి నలభై రెండు కుండీల్లో పెట్టాడు. ఓర్లీనా తెలుపు అని పేరు రాసి పలక కట్టాడు. మే నెలలో మదర్స్ డే వారంలో ఒక్కటి తప్ప అన్నీ చెల్లిపోయాయి. ఆ ఒక్కటీ సమాధి కోసమని షెడ్డు వెనక దాచాడు. ఒహాయో నుంచి వచ్చిన ఒకామె, తల్లి ఈమధ్యే పోయిందట, ఆ పలక చదివి కళ్లు తుడుచుకుంటూ ఒక్కటైనా లేదా అని అడిగింది. దాచింది తీసి ఇచ్చేశాడు. జాలితో ఇచ్చానని తరవాత అనుకున్నాడు గాని, ఆమె అడిగిన తీరులోనే ఎంతకైనా కొంటుందని తెలిసింది. నలభై ఒకటి అమ్మినవాడికి ఆ ఒక్కటీ కూడా సరుకులాగే కనిపించింది. ఇంకోటి ఎక్కడైనా దొరుకుతుందిలే అనుకున్నాడు. దొరకలేదు. కొన్నవాళ్లంతా హైవే మీద పోయేవాళ్లు. ఎవరి పేర్లూ రాసుకోలేదు.

అతనికి తెలిసి ఆ మొక్క ఇప్పుడు ఒక్కచోటే ఉంది, అక్క డెల్ఫియా దొడ్లో. పద్దెనిమిదేళ్ల కిందట తల్లి తన చేత్తో వేరు తవ్వి ఇచ్చింది.

డెల్ఫియా మొగుడు చిన్న వయసులోనే బొగ్గు గనిలో పోయాడు. స్కూలు వంటశాలలో పనిచేసి రిటైరైంది. తల్లి మంచాన పడితే తన ఇంటికి తెచ్చుకుని తొమ్మిదేళ్లు చూసింది. ఆ తొమ్మిదేళ్లూ మందులు, డైపర్లు, కరెంటు ఖర్చు ఆర్విల్‌వే. ఆదివారం మధ్యాహ్నం వచ్చి గంట కూర్చునేవాడు. చెయ్యి ఆమెది, జేబు తనది, సరికి సరి అనే అతని లెక్క. అంత్యక్రియల రోజు చర్చిలో లేచి నిలబడి, జేబులోంచి కాగితం తీసి అందరికీ పేరు పేరునా థాంక్స్ చెప్పాడు. పాస్టరు గారికి, డాక్టరుకి, గొయ్యి తవ్వినవాళ్లకి, కేకులు చేసి తెచ్చిన ఆడవాళ్లకి, కుర్చీలు ఇచ్చిన దాణా కొట్టు యజమానికి. ఆ కాగితంలో డెల్ఫియా పేరు లేదు. ఇంట్లోవాళ్లకి ఎవరు చెబుతారు? అతనికి తట్టనే లేదు. ఆ రోజు నుంచి ఆమె అతన్ని రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. అమ్మ అడిగింది అతన్ని కాబట్టి సమాధి మీద పూల సంగతీ అతనికే వదిలేసింది.

హోబర్ట్ వేళాకోళం చేసిన ఆ జూన్ నుంచి ఎనిమిది నెలలు ఆలోచించి, ఫిబ్రవరి ఆఖర్లో ఆర్విల్ అక్క ఇంటికి వెళ్లాడు. మొక్కలు నిద్రలో ఉండే కాలం, వేరు విడదీయాలంటే అదే అదును. ఎవరి దగ్గరికి ఏది అడగడానికైనా అదును చూసే వెళ్లడం అతని వృత్తి.

డెల్ఫియా దొడ్లోనే ఉంది. కత్తెరతో ఏడుపొరల మొక్క నిరుటి కొమ్మలు కత్తిరిస్తోంది. ఎండిన పూలగుత్తులు కాగితాల్లా గలగలమంటూ కింద పడుతున్నాయి. అతన్ని చూసి పని ఆపలేదు.

"మోకాలెత్తు ఉంచక్కా. మరీ కిందకి కొడితే కొత్త కొమ్మలు సన్నగా వచ్చి పూల బరువుకి పడిపోతాయి" అన్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక నోటికొచ్చింది అన్నాడు.

"పద్దెనిమిదేళ్ల నుంచి కొడుతున్నానురా. నీ సలహా లేకుండానే పూస్తోంది."

అతను పడిన కొమ్మలు ఏరి పక్కన పెట్టాడు. కాసేపటికి వచ్చిన పని చెప్పాడు. అమ్మ దగ్గర నాటడానికి ఒక్క వేరు కావాలన్నాడు.

"నీ దగ్గర నలభై రెండుండాలిగా?"

"అమ్మేశాను."

"ఒక్కటీ మిగల్లేదూ?"

"లేదు."

"అమ్మని నలభై రెండు ముక్కలు చేసి అమ్మేశావన్నమాట."

"మొక్కని, అక్కా."

"సరేలే. మొక్కని."

ఆర్విల్ ఊరికే అడగడానికి రాలేదు. తొట్రుపడకుండా తను ఇవ్వగలిగినవి చెప్పుకొచ్చాడు. వరండా మెట్లు కుళ్లిపోతున్నాయి, మనుషుల్ని పంపి కొత్తవి వేయిస్తానన్నాడు. వాకిట్లో బురద అవుతోంది, ట్రక్కు కంకర పోయిస్తానన్నాడు. ఆమె వింటూనే కత్తిరిస్తోంది. ఆ కొండల్లో చేత్తో ఇచ్చిన మొక్కకి డబ్బు పుచ్చుకోరు, బదులు పుచ్చుకోరు. తీసుకునేవాళ్లు థాంక్స్ కూడా చెప్పరు, చెబితే ఆ మొక్క బతకదంటారు. మొక్క చంకలో పెట్టుకుని, మీ పిల్లలెలా ఉన్నారని అడిగి, వాన వచ్చేట్టుందని చెప్పి గేటు దాటడమే మర్యాద. డెల్ఫియా దొడ్లో ఉన్నవన్నీ అలా వచ్చినవే. ఆర్విల్ దగ్గర కొన్నవాళ్లకి ఆ పట్టింపు లేదు, అది బేరం కాబట్టి.

ఆమె కత్తెర మూసి కంచె మీద పెట్టింది.

"నీ కంకర నాకెందుకు? వేరు తీసుకెళ్లు. కానీ థాంక్స్ చెప్పి తీసుకెళ్లు."

వేళాకోళం అనుకుని ఆర్విల్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"చెబితే చచ్చిపోతుంది కదక్కా?"

"అవును."

"మరి?"

"తొమ్మిదేళ్లు రోజుకి ఆరుసార్లు అమ్మని ఇటు నుంచి అటు తిప్పానురా, ఒళ్లు పుండు పడకుండా. చివర్లో నన్ను గుర్తుపట్టడం మానేసింది. ఎవరో పనిమనిషి అనుకునేది. నువ్వు ఆదివారం వస్తే మాత్రం మొహం ఇంత అయ్యేది. చర్చిలో కుర్చీలిచ్చినవాడికి కూడా పేరు పెట్టి చెప్పావు. నేను మొదటి బెంచీలోనే ఉన్నా." ఆమె గొంతు పెరగలేదు. "నాకో మాట రావాలి నీ దగ్గర్నుంచి. ఊరికే వచ్చే మాట కాదు. చెబితే నీకేదో పోతుందని తెలిసి చెప్పే మాట."

ఆర్విల్ నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. చూసేవాళ్లకి సిగ్గుపడుతున్నట్టే ఉంది. లోపల లెక్క నడుస్తోంది. ముప్ఫై ఏళ్లలో పట్నాల వాళ్లు వేలమంది తన దగ్గర మొక్కలు కొని థాంక్స్ చెప్పి వెళ్లారు. ఆ మొక్కలేవీ ఆ మాటకి చావలేదు. చచ్చినవి నీళ్లు లేక చచ్చాయి. అంటే ఈ పట్టింపులో పసలేదు. పసలేనప్పుడు పోయేదీ లేదు. కంకర కంటే, మెట్ల కంటే చవగ్గా వస్తోంది. అక్క కోరిక తీరుతుంది, అమ్మ కోరిక తీరుతుంది, వచ్చే జూన్‌లో హోబర్ట్ నోరు మూతపడుతుంది.

"థాంక్స్ అక్కా" అన్నాడు.

ఆ మాట బయటికి వచ్చాక దాని శబ్దం అతనికే తెలిసింది. కొట్లో చిల్లర తిరిగి ఇస్తూ రోజుకి వందసార్లు అనే గొంతు అది. మళ్లీ చెబుదామా అనుకున్నాడు. రెండోసారి చెబితే మొదటిది ఉత్తదని ఒప్పుకున్నట్టు అవుతుందని ఊరుకున్నాడు.

డెల్ఫియా అతని మొహంలోకి చాలాసేపు చూసింది. తరవాత పార అందించి, "నువ్వే తవ్వుకో" అని లోపలికి వెళ్లింది. కాఫీ తాగుతావా అని అడగలేదు.

అతను ఆ సాయంత్రమే నీలం మొక్క పీకేసి వేరు నాటాడు. మధ్యాహ్నం దాటాక ఓక్ చెట్టు నీడ పడే వైపు చూసుకుని, వేరు పరుచుకునేంత వెడల్పు గొయ్యి తీశాడు. ఇదివరకు మట్టి ఎంతవరకు ఉందో అంతే లోతులో పెట్టాడు. కుళ్లిన ఆకులు జానెడు మందాన కప్పాడు. జింకలు చిగుళ్లు మేయకుండా చుట్టూ వైరు కట్టాడు. ఎరువు వేయలేదు. ఎరువు ఎక్కువైతే ఆకు బలిసి కాడ నీరసపడుతుంది.

ఆ జూన్‌కి పిడికెడంత పూలు రెండు వచ్చాయి. హోబర్ట్ వంగి చూసి, "మొత్తానికి ఆకుకూర మానేశావు" అని వదిలేశాడు. డెల్ఫియా వచ్చింది. మొక్కని చూసింది. ఆకు మీద చెయ్యి వేసి వెళ్లింది.

జూలైలో వానలు ఆగిపోయాయి. సెప్టెంబరు సగం దాకా చుక్క పడలేదు. ఏడుపొరల మొక్కకి నీళ్లంటే ప్రాణం. పదింటికల్లా ఆకులు తడిగుడ్డల్లా వేలాడేవి. కొండమీద కొళాయి లేదు. ఆర్విల్ రోజూ నర్సరీ తెరవక ముందు వాగు దగ్గర ట్రక్కు ఆపి, రెండు పాల డబ్బాలు నింపి, ఏటవాలు దారిలో మోసుకెళ్లేవాడు. అరవై రెండేళ్ల మోకాళ్లు. నర్సరీలో ఇంత కష్టపెట్టే మొక్క ఉంటే ఎప్పుడో చెత్తకుప్పలో వేసేవాడు. పనివాణ్ని పంపొచ్చు కదా అని భార్య ఓపల్ అడిగితే, వాళ్లు ఒకేసారి కుమ్మరించేస్తారు, మెల్లగా ఇంకేలా పోయడం రాదు అన్నాడు. అది నిజమే, కారణం మాత్రం అది కాదు. ఏమిటో అతనికీ తెలియదు. మోస్తున్నప్పుడు లెక్క వేయలేదు, అంతే. అతని బతుకులో అలాంటి రోజులు తక్కువ.

ఆకులు సగం రాలాయి గాని వేరు బతికింది. ఫిబ్రవరిలో మోకాలెత్తున కత్తిరించాడు. ఏప్రిల్‌లో నేలలోంచి కొత్త కొమ్మలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. చివరి మంచు ఎప్పటిలాగే పడింది. ఈ రకం కొత్త కొమ్మ మీదే పూస్తుంది కాబట్టి దానికేమీ కాలేదు.

జూన్ రెండో ఆదివారానికి పదకొండు పూలు. ఒక్కొక్కటీ కంచం అంత. ముందురోజు పెద్ద వాన కొట్టినా ఒక్క కాడ వంగలేదు. కొండెక్కి వచ్చినవాళ్లంతా ముందు అక్కడే ఆగారు. ఓర్లీనా వాకిట్లో చూసిన పూలే అని ముసలివాళ్లు గుర్తుపట్టారు. హోబర్ట్ టోపీ తీసి, "దీన్ని నేను ఏమీ అనలేను. పోనీ, నీ నర్సరీలో ఇంకేదైనా చూసి అంటాలే" అన్నాడు. ఆర్విల్ ఒళ్లంతా తేలికపడింది.

డెల్ఫియా చిక్కుడు గింజల కూర గిన్నె తెచ్చి ఓక్ చెట్టు కింద బల్ల మీద పెట్టింది. చేతులు తుడుచుకుని సమాధి దగ్గరికి వచ్చింది. జనం భోజనాల వైపు కదిలేదాకా ఆగింది.

"బతికిందే" అంది.

"బతికింది. పదకొండు పూలక్కా." అతను నవ్వుతూనే ఉన్నాడు.

"ఆ రోజు నువ్వు చెప్పింది నిజంగా చెప్పి ఉంటే ఇది బతికేది కాదురా."

అతనికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీసేవాళ్లు లేక.

"అవన్నీ ఉత్త నమ్మకాలక్కా. నీళ్లు పోశాను కాబట్టి బతికింది. నిరుడు రెండున్నర నెలలు, రోజూ రెండు డబ్బాలు, వాగు నుంచి ఇక్కడిదాకా నేనే మోశాను. ఎవరికీ చెప్పలేదు."

"ఇప్పుడు చెబుతున్నావుగా. బిల్లు చూపిస్తున్నావా?"

"అది కాదు—"

"అమ్మకి చేశావు. బాగుంది. కాదనను." ఆమె పూల వైపే చూస్తోంది. "నాకు చెప్పింది మాత్రం నీ కొట్లో మాట. అప్పుడే తెలిసింది. పొరపాటు పడ్డానేమో, మనిషి గొంతే అంతేమో అనుకుని ఏడాదిన్నర చూశాను. నిరుడు ఎండలు ముదిరినప్పుడు ఇక పోతుందిలే అనుకున్నా. నాకు సంతోషమేసిందిరా. అమ్మ మొక్క పోతుందంటే సంతోషమేసింది. అంత దాకా తెచ్చావు నన్ను."

నీళ్లు మోసిన పొద్దులన్నీ ఆమె చేతిలో తన మీదికే సాక్ష్యాలైపోయాయి. ఎంత బాగా పెంచితే అంత అబద్ధీకుడయ్యాడు. చేతకానివాడు నాటి ఉంటే ఈపాటికి గౌరవంగా చచ్చిపోయేది.

"ఇప్పుడు చెబుతానక్కా. నిజంగా. అమ్మని చూసుకున్నందుకు."

ఈసారి గొంతు కొట్లోది కాదు. అది ఆమెకీ తెలిసినట్టే ఉంది. కళ్లు ఒక్కసారి అతని వైపు తిరిగాయి.

"ఇప్పుడు నీకు పోయేదేముంది?" అంది.

మొక్క వేరూనింది. పూలు అందరూ చూశారు. హోబర్ట్ టోపీ తీశాడు. పోగొట్టుకోవడానికి అతని దగ్గర ఏమీ మిగల్లేదు. ఆ ఫిబ్రవరిలో ఉంది. థాంక్స్ చెప్పి, వేరు వద్దని, ఉత్త చేతులతో గేటు దాటి ఉండొచ్చు. ఆ దారి ఒకటుందని అతనికి ఇప్పుడు తెలిసింది. ఏ బేరంలోనూ సరుకు వదిలేసి ధర ఒక్కటే చెల్లించి రావడం అతను ఎరగడు.

డెల్ఫియా బల్ల దగ్గరికి వెళ్లి అందరికీ కూర వడ్డించింది. అతని పళ్లెంలోనూ వేసింది, అందరికీ ఎంత వేసిందో అంతే. ఓపల్‌ని మనవల సంగతి అడిగింది. భోజనాలయ్యాక గిన్నె కడిగి బండెక్కి వెళ్లిపోయింది. ఆ తరవాత వాళ్లు తగువు పడలేదు. తగువు పడటానికి ఇద్దరికీ ఇవ్వాల్సిందో రావాల్సిందో ఏదో ఒకటి ఉండాలి.

మళ్లీ ఫిబ్రవరి వచ్చింది. ఆర్విల్ కత్తెరతో పాటు పార కూడా ట్రక్కులో వేసుకుని కొండెక్కాడు. మొక్క ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఎండిన పూలు చలిగాలికి కొట్టుకుంటున్నాయి. పీకేసి, చచ్చిపోయిందని అక్కకి చెబితే? ఆమె నమ్మదు. నమ్మినా అది ఆమెకి చూపించడానికి చేసిన పనే అవుతుంది. దీన్ని చంపినా బేరమే. అమ్మ కాళ్ల దగ్గర మళ్లీ ఖాళీ అవుతుంది, అంతకు మించి ఎవరికీ ఏమీ ముట్టదు.

పార ట్రక్కులో పడేసి వచ్చి, వంగి, ఒక్కో కొమ్మనీ మోకాలెత్తున, కణుపుకి కాస్త పైన, నీళ్లు నిలవకుండా ఏటవాలుగా కత్తిరించాడు. కొత్త ఆకులు కప్పాడు. వైరు బిగించాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. వచ్చే జూన్‌కి ఇరవై పూలైనా వస్తాయి.

దిగి వస్తుంటే డెల్ఫియా ఇల్లు దారిలోనే పడింది. ఆమె దొడ్లో కత్తెర పట్టుకుని ఉంది. ట్రక్కు చప్పుడుకి తలెత్తి చూసి, చెయ్యి ఊపింది, రోడ్డు మీద పోయే ఎవరికైనా ఊపినట్టు. అతనూ ఊపాడు.